అక్కడి వేసవి, ఇక్కడి వేసవి

(సంఘ కుటుంబముల వేసవి కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నిరుడు నేను ఇంగ్లండునకు పోయి వచ్చినది మొదలు, కనబడినవారందరును "అక్కడ ఏమి చూచితిరి?" అని అడుగుచునే యున్నారు. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి నూలు కొట్టులో కూర్చున్నవాడను. ఆ దేశపు రాజకీయములను గూర్చి నేను చెప్పజాలను. ఆరు వారములు తమ్ముని ఇంట నుండి చూచిన నాలుగు సంగతులు, అనగా అచ్చటి ఎండ, ఆట, పాట, ఇల్లు, వీనిని గూర్చి మాత్రము ముచ్చటించెదను. చివర నా ఇంటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. నిజమునకు దానికొరకే నేడు మాటలాడుటకు ఒప్పుకొంటిని.

మన కోయంబత్తూరువారికి ఇంగ్లండు ప్రయాణము క్రొత్తది కాదు. సమీపమున కలంగల్ గ్రామములో 1893లో పుట్టిన జి. డి. నాయుడుగారు, ఓడలలో వారములకొలది పోవలసిన ఆ దినములలోనే సీమకు పోయి, 1936 జనవరిలో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తమ చేతి యంత్రముతో చలనచిత్రముగా తీసికొని వచ్చిరి. వారు పోయినది యంత్రములను, విద్యలను చూచుటకు. నేను పోయినది తమ్ముని బిడ్డలను చూచుటకు. ప్రయోజనము చిన్నదే గాని, నాకు తెలిసి వచ్చినది చిన్నది కాదు.

మొదట ఎండ సంగతి. నా తమ్ముడు బర్మింగుహాము నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. నేను జూన్ చివర అచ్చట దిగితిని. మనకు వేసవి యనగా తలుపులు మూసికొను కాలము. వారికి వేసవి యనగా తలుపులు తెరచు కాలము. మన మధురలో కత్తెర ఎండలకు వీథి కుక్క సైతము అరుగు క్రిందికి దూరును. కోయంబత్తూరు వారికి పాలఘాటు కనుమ గాలి కొంత దయ చూపును గాని, మనమును ఆ నెలలో మధ్యాహ్నము బయటికి పోము. అచ్చటనో, కొంచెము ఎండ కాసినదా, ఉద్యోగస్థులు మధ్యాహ్నపు ఆహారమును చేత పట్టుకొని పోయి పచ్చికపై వెల్లకిల పరుండెదరు. మనము నీడకొరకు వెదకినట్లు వారు ఎండకొరకు వెదకుదురు.

వారి ఇండ్లు వెచ్చదనమును లోపల నిలుపుటకు కట్టినవి. పైకప్పున పంఖా యుండదు. కావుననే 2022 జూలై 19న లింకన్‌షైరులోని కోనింగ్స్‌బీ యందు ఎండ 40.3 డిగ్రీలు చేరినప్పుడు దేశమంతయు తల్లడిల్లినది. ఆ దేశమున ఎండ నలుబది దాటుట అదియే మొదటిసారి. మధురవారికి ఆ లెక్క విన్నచో నవ్వు వచ్చును. కాని ఎవరి ఇల్లు దేనికి కట్టబడినదో దానికే తట్టుకొనును. ఈ మాట తరువాత మరల పనికి వచ్చును.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది అచ్చటి ప్రొద్దు. రాత్రి తొమ్మిది దాటినను సూర్యుడు దిగడు. నా తమ్ముని కుమార్తెకు తొమ్మిదేండ్లు. ఎనిమిది గంటలకే తల్లి దట్టమైన తెరలు దించి ఆమెను పండుకొనబెట్టును. ఆ పిల్ల తెర తొలగించి, వెలుతురును చూపి, "ఇంకా పగలే కదా, పెదనాన్నా" అని ఇంగ్లీషులో వాదించును. నేను తెలుగులో సమాధానము చెప్పుదును. ఆమె కన్నులు పెద్దవి చేసికొని తండ్రి వైపు చూచును. మా యిద్దరికిని నడుమ నా తమ్ముడు దుబాసీ.

ఇంకొక చిక్కు గలదు. వారి బడులకు వేసవి సెలవులు జూలై చివర మొదలై సెప్టెంబరు మొదటి దినములలో ముగియును. మన బిడ్డల సెలవులు జూన్ మొదటనే తీరిపోవును. వారు వచ్చునప్పటికి మన పిల్లలు బడిలో నుందురు. నా కుమారుని నేను వెంట తీసికొనిపోలేకపోయినదియు అందుచేతనే. ఒక కడుపున పుట్టిన అన్నదమ్ముల బిడ్డలు ఒక వేసవి కలిసి ఆడుకొనుటకు సెలవులే ఒప్పుకొనవు.

ఇక ఆట. తమ్ముని ఇంటికి కొంత దూరమున కానన్ హిల్ తోట, దాని చెంతనే ఎడ్జ్‌బాస్టన్ క్రికెట్టు మైదానము, ఆ ప్రక్కగా రే అను చిన్న యేరు కలవు. మన నొయ్యలు వలెనే అదియు ఏరని చెప్పుకొనుటకు కొంచెము సిగ్గుపడునంతటి యేరు. 1932లో మన సి. కె. నాయుడు ఆ మైదానమున కొట్టిన బంతి ఆ యేటికి ఆవల పడినదట. అప్పుడు ఆ యేరే రెండు జిల్లాలకు సరిహద్దనియు, బంతి ఒక జిల్లాలో బయలుదేరి మరియొక జిల్లాలో దిగినదనియు నేటికిని చెప్పుకొందురు. కొట్టారి కనకయ్య నాయుడుగారు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువారు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొట్టమొదటి టెస్టు పందెమునకు దిగినప్పుడు నాయకుడు ఆయనయే. మనవలెనే తెలుగు గడ్డకు వెలుపల పుట్టినవాడు. నేను ఆ యేటి గట్టున కొంతసేపు నిలిచి, బంతి ఎంత దూరము పోయియుండునో కన్నులతో కొలిచి, మనసులోనే చప్పట్లు కొట్టితిని.

నూలు వ్యాపారిని గనుక మాంచెస్టరు చూడక రాలేకపోతిని. మన ఊరిని దక్షిణ భారతపు మాంచెస్టరని పిలిచెదరు గదా. అసలు మాంచెస్టరులో మగ్గముల చప్పుడు వినబడునేమో యని పోయితిని. మిల్లుల గోడలున్నవి, కొన్ని కాపురపు గదులైనవి, కొన్ని కార్యాలయములైనవి. లోకమునకెల్ల బట్ట నేసిన ఊరిలో పేరు మిగిలినది, నూలు పోయినది. మన పీలమేడు, సింగనల్లూరు ప్రాంతముల మూతపడిన మిల్లులు నాకు జ్ఞాపకము వచ్చి మనసు బరువెక్కినది.

ఆ ఊరిలోనే ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున మరియొక తెలుగువాడు ఆడినాడు. మద్రాసు క్రికెట్టునకు ఆద్యుడైన బుచ్చిబాబు నాయుడుగారి కుమారుడు కోటా రామస్వామి. 1922లో డేవిస్ కప్పు టెన్నిసులో దేశము తరపున ఆడి, 1936లో తన నలుబదియవ యేట ఆ మైదానమున మొదటి టెస్టు ఆడి, ఒక ఇన్నింగ్సులో 40, రెండవ దానిలో 60 పరుగులు తీసెను. నలుబది దాటి, మెట్లెక్కినంతనే ఆయాసపడు నావంటివారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఇక మన కోయంబత్తూరు వాడైన నరేన్ కార్తికేయన్ 1994లో ఇంగ్లండున కార్ల పందెముల పరంపర గెలిచి, 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడైన సంగతి ఇచ్చటి పిల్లలకు నేను చెప్పనక్కరలేదు.

కాని నాకు మనసున నిలిచినది ఈ పెద్ద మైదానములు గావు. ఒక ఆదివారము ఊరి వెలుపల పచ్చికపై జరిగిన చిన్న పందెము. తాత అంపైరు, తండ్రి బ్యాటు పట్టెను, కొడుకు బంతి ఏరుచుండెను, తల్లులు తేనీరు తెచ్చిరి. అవుటై వచ్చినవానికిని చప్పట్లు కొట్టిరి. మూడు తరములు ఒకే ఆటలో నుండుట చూచి, మన ఇండ్లలోను ఒకప్పుడు ఇట్లే యుండెడిది గదా యనుకొంటిని. మా యింటి వసారాలో వేసవి మధ్యాహ్నములందు అవ్వ వామనగుంటలు ఆడించెడిది. అత్తలు అచ్చనగాయలు ఎగురవేసెడివారు. ప్రొద్దు వాలిన తరువాత మేము చెడుగుడు. ఆ ఆటలలో మేము లెక్క పెట్టినది తెలుగులో. నేటికిని కొట్టులో నూలు కట్టలు ఎంచునప్పుడు నా నోట తెలుగు అంకెలే వచ్చును. నా కుమారుడు తెలుగు చక్కగా మాటలాడును గాని, ఎంచవలసి వచ్చినచో తమిళములోనో ఇంగ్లీషులోనో ఎంచును. ఆటలు పోయిన వెంట అంకెలును పోయినవి.

పాట సంగతికి వచ్చెదను. ఇంగ్లండున వేసవి సంగీతమునకు పండుగ. లండనులో ప్రామ్స్ అను కచేరీలు 1895 నుండి నడుచుచున్నవి. కొద్దిపాటి వెలకు టిక్కెట్టు కొని, గంటలకొలది నిలుచుండియే వినువారు అనేకులు. నాకు మన చిత్తిరై ఉత్సవము జ్ఞాపకము వచ్చినది. మీనాక్షీ కల్యాణమును, అళగరు వైగైనదిలో దిగుటయు ఒకే మాసమున వచ్చునట్లు కూర్చినవాడు 1623 నుండి 1659 వరకు మధురను ఏలిన తిరుమల నాయకుడని చెప్పుదురు. వారు ఎండను వెదకి సంగీతమునకు చేరుదురు; మనము ఎండను లెక్కచేయక స్వామికొరకు చేరుదుము.

బర్మింగుహాము దాపున టివిడేలులో తిరుమల కోవెల పోలికతో కట్టిన వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. అచ్చట దర్శనము చేసికొని, ఒక తెలుగు గృహస్థుని ఇంటికి పోయితిమి. ఆ యింట ఆదివారములందు పిల్లలు పాట నేర్చుకొందురు. త్యాగరాజస్వామివారి కీర్తన పాడిరి. శ్రుతి చక్కగానున్నది, తాళము తప్పలేదు. పలుకు మాత్రము జారుచుండెను. పుస్తకము చూచితిని, కీర్తన ఇంగ్లీషు అక్షరములలో నున్నది.

నవ్వవలదు. మన ఇంటి పిల్లల పుస్తకములలో అదే కీర్తన తమిళ అక్షరములలో నుండును. తమిళ లిపి తమిళమునకు సరిగా అమరినది. ఇందాక చెప్పినట్లు, ఎవరి ఇల్లు దేనికి కట్టబడినదో దానికే తట్టుకొనును. క, ఖ, గ, ఘ నాలుగింటికిని ఆ లిపిలో ఒకే అక్షరము. ఫలము, బలము రెండును ఒకే విధముగా వ్రాయబడును. అందుకే సంగీత పుస్తకములవారు అక్షరముపై చిన్న అంకెలు వేయుదురు. ఆ అంకెను గమనింపని పిల్ల దేవుని బలమడుగుచున్నదో, ఫలమడుగుచున్నదో దేవునికే తెలియవలెను.

మధురలో 1916లో పుట్టిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి ఇంటి భాష తెలుగు కాదు. ఆమె పాడిన అన్నమాచార్య సంకీర్తనలను వినుడు. ఒక్క అక్షరము ఒరగదు. అట్లే త్యాగరాజస్వామివారి శిష్యులైన వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్రులు. ఆ శిష్యపరంపర వ్రాసిపెట్టిన కీర్తన ప్రతులను కాపాడినవారు మధుర సౌరాష్ట్ర సభవారు. మన భాషలోని పాటను మన భాష గానివారు ఇంత శ్రద్ధతో కాపాడిరి. ఆ పాటను చదువజాలని బిడ్డలు మన ఇండ్లలో పెరుగుచున్నారు.

ఇప్పుడు ఇంటి సంగతి. అచ్చట భార్యాభర్తలిద్దరును పనికి పోవుదురు. నా తమ్ముడు, ఇచ్చట ఉన్నప్పుడు కంచము ముందునుండి లేవనివాడు, అచ్చట గిన్నెలు కడుగుచున్నాడు. అది మంచిదే. ఆదివారము ఉదయము ఆ పిల్లకు గంటసేపు తెలుగు అక్షరములు దిద్దించును. చదువును, వ్రాయును, మాటలాడుట మాత్రము రాదు. తెలుగు వినుటకు ఆమెకు బడి లేదు, వీథి లేదు, అవ్వ లేదు. మా అమ్మ ఫోనులో ముద్దుగా గడగడ మాటలాడును. ఆ పిల్ల "ఊ, ఊ" అని ఫోను తండ్రి చేతికిచ్చును.

నేను తిరిగి వచ్చిన రెండు నెలలకు ఆ పిల్ల యొద్దనుండి మా అమ్మ పేరిట జాబు వచ్చినది. నేను నూలు పనిమీద ఈరోడు పోయి మూడు దినములు అచ్చటనే యుంటిని. అమ్మకు చదువు రాదు. ఆమె నా కుమారుని పిలిచి "చదువురా" అన్నది. వాడు పదునాలుగేండ్లవాడు, తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొనువాడు. జాబును అటు త్రిప్పి ఇటు త్రిప్పి, "అవ్వా, ఇది తెలుగు" అన్నాడట. తెలుగులోనే అన్నాడు! నా ఇల్లాలికిని అక్షరములు రావు. అమ్మ ఆ జాబును దేవుని దీపము ప్రక్కన పెట్టి మూడు దినములు కాచుకొన్నది.

నేను వచ్చి చదివితిని. పెద్ద పెద్ద అక్షరములతో, కొన్ని తప్పులతో నాలుగు మాటలు. "అవ్వా, ఇక్కడ రాత్రి కూడా ఎండ ఉండేది. ఇప్పుడు తొందరగా చీకటి పడుతున్నది. నువ్వు ఫోనులో తొందరగా మాట్లాడుతావు. నాకు అర్థం కాదు. మెల్లగా చెప్పు. లేకపోతే రాయి. రాస్తే నేను చదువుతాను."

అమ్మ కంట నీరు పెట్టుకొన్నది. "రాస్తే చదువుతానన్నదిరా. నేను ఎట్లా రాసేది?" అన్నది. నా కుమారుడు గుమ్మములో నిలుచుండి వినుచుండెను. వాడు నన్నొక మాట అడిగినాడు: "నాయనా, నాకు నువ్వు ఎందుకు నేర్పించలేదు?"

సోదరులారా, ఈ సంఘమున నేను ఎన్నియో సభలలో మాటలాడితిని. తెలుగు ఉపాధ్యాయుని నియమింపవలెనని అర్జీలు వ్రాసితిని. 2006లో వచ్చిన చట్టముచే తమిళము తరగతి వెంట తరగతి తప్పనిసరియై, బడిలో తెలుగునకు చోటు ఇరుకైనప్పుడు గట్టిగా వాదించితిని. తమిళముతో మనకు తగవు లేదు. అది మనకు అన్నము పెట్టిన నేల భాష, మన పిల్లలు దానిని బాగుగా నేర్వవలసినదే. మన అర్జీలును న్యాయమైనవే. కాని నా కుమారునికి సమాధానము చెప్పుటకు ఏ చట్టమును అడ్డుపెట్టుకొనజాలకపోతిని. నా యింటి అరుగును ఏ ప్రభుత్వమును మూయలేదు. మా తాతగారు వేసవి సెలవులలో, ఆ అరుగుపై ఇసుక పోసి, నా వ్రేలు పట్టుకొని అక్షరములు దిద్దించిరి. ఆయన బడిని అడుగలేదు, సంఘమును అడుగలేదు. ఆ ఇసుకను నేను నా బిడ్డకు పోయలేదు. కొట్టులో తీరిక లేదనుకొంటిని.

మధుర నాయకుల రాజ్యము 1736లో అంతరించినది. రాజాశ్రయము పోయి మూడు వందల యేండ్లు కావచ్చుచున్నది. అయినను మన భాష వంటింటిలో, పశువుల కొట్టములో, మగ్గము ప్రక్కన, తల్లి నోట నిలిచినది. ఇది చిన్న సంగతి కాదు. అయితే బిడ్డలు ఇంట నుండినంత కాలమే నోటిమాట చాలును. నేడు మన బిడ్డలు బెంగుళూరునకు, బర్మింగుహామునకు పోవుచున్నారు. అచ్చటి బిడ్డకు అక్షరమున్నది, మాట లేదు. ఇచ్చటి బిడ్డకు మాటయున్నది, అక్షరము లేదు. ఇద్దరును ఒక అవ్వ మనుమలే. ఒకరి చేతిలో సగము, మరియొకరి చేతిలో సగము ఉన్నది. మాంచెస్టరునకు పేరు మిగిలి నూలు పోయినట్లు, మనకు ఇంటిపేర్లు మిగిలి పలుకు పోవునేమో యని నాకు భయము.

కావున నేను కోరునది పెద్ద పని కాదు. చందా వలదు, భవనము వలదు. ఈ వేసవి సెలవులలో ముప్పది దినములు, ఎండ ఎక్కకముందు ప్రొద్దున అరగంట, ప్రతి ఇంట అక్షరములు వచ్చిన ఒక పెద్ద, రాని పిల్లలను కూర్చుండబెట్టుకొనవలెను. మన వీథులలో అక్షరములు వచ్చినవారు ఇంకను కొందరున్నారు. వారి ఇంటికి ప్రక్క యింటి పిల్లలను పంపుడు. తల్లులును కూర్చుండవచ్చును, మా ఇంట నా ఇల్లాలు కూర్చున్నది. మొదటి పది దినములు అచ్చులు, హల్లులు. తరువాతి పది గుణింతములు. చివరి పది దినములు ఒత్తులు. బడి తెరచునాటికి ప్రతి బిడ్డయు దూరమున నున్న ఒక బంధువునకు నాలుగు పంక్తుల జాబు వ్రాయవలెను. అదియే పరీక్ష. సాయంకాలము పిల్లలను ఆడనిండు, మీరును ఆడుడు; అయితే లెక్క తెలుగులో పెట్టుడు. పాట నేర్చు పిల్లలకు ఒక్క కీర్తననైనను తెలుగు అక్షరములలో వ్రాయించుడు. నా అక్షరము సొంపైనది కాదు, అయినను అడిగినవారికి నేను వ్రాసి ఇచ్చెదను.

మా ఇంట జాబు చదివిన మరునాడే ఆరంభించితిమి. ఇసుక దొరకక పలక కొంటిని. నా కుమారునకు గుణింతములు వచ్చినవి, ఒత్తులవద్ద తడబడుచున్నాడు. మొన్న తన చెల్లెలికి బర్మింగుహామునకు జాబు వ్రాసినాడు. అవ్వ మెల్లగా చెప్పుచుండగా వాడు వ్రాసినాడు. అందులో తప్పులు తొమ్మిది కలవు. నేను దిద్దలేదు, ఆ పిల్ల దిద్ది పంపునని చూచుచున్నాను.